అడ్డపొగ ఊళ్లలో లాలాజలం నమూనాల బ్యాంకు పెట్టండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఆడవాళ్లకు ఆ వేడికీ పొగకీ అంగిలి పాడవుతుంది. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. 30 ఏళ్లు దాటినవాళ్లకు నోటి పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమంలో ఉంది, కానీ అది కంటితో చూసే పరీక్ష. మచ్చ కనబడుతుంది, ఏ మచ్చను వెంటనే బయాప్సీకి, అంటే ముక్క తీసి చేసే పరీక్షకు, పంపాలో మాత్రం చూపుతో తేలదు. అందర్నీ పట్నం పొమ్మంటే కూలి పోతుందనో, ముక్క తీస్తారన్న టెన్షన్‌తోనో ఆగిపోయేవాళ్లుంటారు.

ఇక్కడ నానో బయోసెన్సర్ ఆదుకోగలదని నా నమ్మకం. షుగర్ మిషన్ లాగే ఇదీ కరెంటును కొలిచి చెబుతుంది. ఎలక్ట్రోడ్ మీద జిర్కోనియా లాంటి నానో కణాలు పూసి, వాటిపై యాంటీబాడీలు అతికిస్తారు. నోటి క్యాన్సర్‌లో లాలాజలంలో పెరిగే సైఫ్రా 21-1 అనే ప్రోటీన్‌ను ఆ యాంటీబాడీలు పట్టుకోగానే కరెంటు మారుతుంది. కణాలు అతి చిన్నవి కాబట్టి కొద్ది చోటులోనే ఎక్కువ యాంటీబాడీలు పడతాయి, మిల్లీలీటరుకు కొన్ని నానోగ్రాములున్నా తెలిసిపోతుంది. ఢిల్లీ టెక్నలాజికల్ యూనివర్సిటీలో బి.డి. మల్హోత్రా బృందం 2015లోనే ఇలాంటిది చేసి చూపింది.

మరి ఊళ్లోకి ఎందుకు రాలేదు? శుభ్రమైన ద్రావణంలో చక్కగా పనిచేసిన సెన్సర్ అసలు లాలాజలంలో తడబడవచ్చు. వేరే ప్రోటీన్లు ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటాయి. చిగుళ్ల వాపు వల్ల కూడా రీడింగు మారిందా అన్నది తేల్చుకోవాలి. అందుకు బయాప్సీ ఫలితం తెలిసిన వందలమంది నమూనాలు కావాలి: క్యాన్సర్ ఉన్నవాళ్లవి, మచ్చలే ఉన్నవాళ్లవి, ఏళ్ల తరబడి అడ్డపొగ తాగినా ఏమీ కానివాళ్లవి. ఇన్ని కూడబెట్టడం ఒక ల్యాబు వల్ల అయ్యే పని కాదు, ప్రభుత్వం వల్ల అవుతుంది.

విశాఖలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్ ఉంది. రోగి అనుమతితో, పేరు బయటపడకుండా నమూనాలు భద్రపరిచే బ్యాంకు అక్కడ పెట్టండి. ఏ పరిశోధకులు అడిగినా ఒకే నియమంతో ఇవ్వండి. ఆ నమూనాల మీద పరీక్షలో సెన్సర్ నెగ్గకముందే మిషన్లు కొని పంచవద్దని వేడుకుంటున్నాను. జబ్బు ఉన్న మనిషికి ఏమీ లేదని చెప్పే స్ట్రిప్ ప్రాణం తీస్తుంది.

ఇంకొక్కటి. నమూనా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ బయాప్సీ ఫలితం ఇంటికి చేరాలి, జబ్బు బయటపడితే ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స మొదలవ్వాలి. ఆ బాధ్యత ఏ అధికారిదో ఉత్తర్వులోనే రాయించండి.

ఇట్లు,
ఉత్తరాంధ్ర కెమిస్ట్రీ లెక్చరర్