కంపెనీ అమ్మకం తేలదు, కారుకు సామాను రాదు: భారీ పరిశ్రమల శాఖ సహాయ మంత్రికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర భారీ పరిశ్రమలు, ఉక్కు శాఖల సహాయ మంత్రి గారికి,

విశాఖపట్నంలో ఫోర్డ్ కార్లు నడుపుకుంటున్నవాళ్లం, వాటిని బాగుచేసే షెడ్లవాళ్లం కలిసి నమస్కరించి రాసుకుంటున్న లేఖ ఇది. ఇవే సంగతులు ఇదివరకు అర్జీలుగా పంపాం. జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాం. మీరు తెలుగువారు, పైగా శాఖ మీ చేతిలో ఉంది. మా గోడు మన భాషలో చెప్పుకుంటే సూటిగా అందుతుందన్న ఆశ ఇంకా చావలేదు.

ఫోర్డ్ ఇండియా అమ్మకం ఎన్ని మలుపులు తిరిగిందో మీకు మేం చెప్పక్కర్లేదు. 2019 అక్టోబరులో మహీంద్రాకు 51 శాతం అన్నారు, 2020 ఆఖరి రోజుతో ఆ ఒప్పందం రద్దయింది. 2021 సెప్టెంబరు 9న ఏకంగా తయారీయే ఆపేస్తున్నామన్నారు. గుజరాత్‌లోని సనంద్ ప్లాంటు 725.7 కోట్లకు టాటాల చేతికి 2023 జనవరిలో వెళ్లింది. చెన్నై పక్క మరైమలై నగర్ ప్లాంటును జేఎస్‌డబ్ల్యూ కొంటోందని పేపర్లు రాశాయి, ఆ ఏడాది చివరికి అమ్మకం లేదన్నాయి. 2024 సెప్టెంబరులో ఎగుమతుల కోసం మళ్లీ తెరుస్తామన్నారు. 2025 అక్టోబరు 31న తమిళనాడు ప్రభుత్వంతో సంతకాలయ్యాయి: 3,250 కోట్లు, కొత్త తరం ఇంజిన్లు, 2029 నుంచి ఉత్పత్తి. మంచిదే, ఎవరి ఉద్యోగాలైనా ఉద్యోగాలే. కానీ మన రోడ్ల మీద తిరుగుతున్న ఎకోస్పోర్ట్‌కు, ఫిగోకు, ఎండీవర్‌కు ఆ ఇంజిన్లతో ఏం పని?

ఇన్ని మలుపుల్లోనూ మేం వెతుక్కున్నది ఒక్క వాక్యం కోసం: ఇప్పటికే అమ్మేసిన కార్లకు సామాను ఎన్నేళ్లు, ఎవరు ఇవ్వాలి? సనంద్ ఒప్పందంలో భూమి ఉంది, భవనాలున్నాయి, కార్ల ప్లాంటు ఉంది, యంత్రాలున్నాయి, అర్హులైన ఉద్యోగులున్నారు. వాళ్లకు పని దొరికినందుకు సంతోషం. అక్కడ తయారై మా వాకిట్లో నిలబడ్డ బండి మాత్రం కొన్నవాళ్ల లెక్కలోకి రాదు. అమ్మినవాళ్ల మీద గడువు పెట్టి నిలదీయడానికి చట్టం లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. సర్వీసు, స్పేర్లు, వారంటీ కొనసాగుతాయని కంపెనీ 2021లోనే ప్రకటించింది. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు ఇవాళ్టికీ దొరుకుతున్నాయి, బయటి కంపెనీలవి కూడా ఉన్నాయి. మా గొడవ వాటి గురించి కాదు. ఊరు మొత్తానికి ఏడాదిలో ఏ పదో ఇరవయ్యో అవసరమయ్యే సామాను గురించి. డిపోలు ఢిల్లీ, చెన్నై, ముంబై, సనంద్, కోల్‌కతాల్లో ఉంటాయన్నారు. 16వ నంబరు జాతీయ రహదారి మీద చెన్నైకీ కోల్‌కతాకీ దాదాపు నట్టనడుమ ఉంది విశాఖ. అటు చూసినా ఇటు చూసినా ఎనిమిది తొమ్మిది వందల కిలోమీటర్లు.

1.0 ఎకోబూస్ట్ పెట్రోలు ఇంజిన్నే తీసుకోండి. 2013లో ఎకోస్పోర్ట్‌తో వచ్చింది. పిస్టన్లకూ వాల్వులకూ వేళ కుదిర్చే దీని టైమింగ్ బెల్టు బయట పొడిగా తిరగదు, ఇంజిన్ ఆయిల్లో తడుస్తూ తిరుగుతుంది. ఆయిల్ పంపును తిప్పేదీ అలాంటి బెల్టే. ఐరోపాలో ఈ టైమింగ్ బెల్టుకు కంపెనీ పెట్టిన గడువు 10 ఏళ్లు లేదా 2,40,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. అదే లెక్కన 2013 బండికి గడువు 2023లో వచ్చింది. అప్పటికే ఇక్కడ కార్ల తయారీ ఆగిపోయింది. అంటే ఈ బెల్టు మొదటిసారి మార్చే వేళకే అమ్మినవాళ్లు దుకాణం సర్దేశారు. ఇది మెకానిక్ తప్పూ కాదు, బండి నడిపినవాళ్ల తప్పూ కాదు.

బెల్టు ముదిరినా, 5డబ్ల్యూ-20 గ్రేడులో డబ్ల్యూఎస్ఎస్-ఎం2సీ948-బి అని రాసి ఉన్న ఆయిల్ బదులు చేతికందింది పోసినా, రబ్బరు మెత్తబడి పొట్టు రేగుతుంది. ఆ పొట్టు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్లో, ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడుతుంది. ప్రెషర్ పడిపోతుంది. ముందు టర్బో పోతుంది, ఆ తరువాత క్రాంక్ బేరింగులు. బెల్టు పళ్లు లేచిపోయాయంటే పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి, ఇంజిన్ దించాల్సిందే.

మార్చడం చేతకాని పని కాదు. క్యామ్ షాఫ్టులనూ క్రాంకునూ కదలకుండా పట్టే లాకింగ్ టూల్స్ కావాలి. ఛాంబర్ దించి జాలీ కడగాలి. కొత్త బెల్టులు, బెల్టును బిగుతుగా పట్టే టెన్షనర్, సీళ్లు, వీటితోపాటు కొత్త క్రాంక్ పుల్లీ బోల్టు వేయాలి. ఆ బోల్టు ఒక్కసారికే పనికొస్తుంది. ఎందుకంటే పుల్లీకీ షాఫ్టుకీ నడుమ జారకుండా పట్టే ఇనుప చీల (కీ) ఉండదు, బోల్టు బిగువు మీదే టైమింగ్ అంతా నిలబడుతుంది. పాత బోల్టు మళ్లీ బిగిస్తే ఆ బిగువు నిలుస్తుందని ఏ మెకానిక్కూ మాట ఇవ్వలేడు. బెల్టు వస్తే బోల్టు రాదు. బోల్టు వస్తే టెన్షనర్ రాదు. అన్నీ కూడేదాకా బండి షెడ్డులో ముందుభాగం విప్పేసి నిలబడి ఉంటుంది. సముద్రపు గాలికి విప్పిన చోటల్లా తుప్పు పడుతుంది, కండెన్సర్ రెక్కలు పొడిపొడిగా రాలుతాయి, బ్యాటరీ కింద ఎర్త్ కనెక్షన్లు పచ్చబడతాయి. ఒక పార్టు కోసం ఆగిన బండికి మూడు పార్టుల పని తోడవుతుంది. 1.5 డీజిల్‌కు ఇంత అవస్థ లేదు. దాని బెల్టు పొడిది, వాటర్ పంపుతో కలిపి కిట్టు బయట కూడా దొరుకుతుంది.

దొరకని చోట డూప్లికేట్ వచ్చి కూర్చుంటుంది. వీల్ బేరింగు చూడండి. దాని అంచున చక్రం వేగాన్ని ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) సెన్సారుకు చెప్పే అయస్కాంతపు రింగు ఉంటుంది. డూప్లికేట్ బేరింగులో ఆ రింగు నాసిరకం, కొన్నిట్లో అసలు ఉండనే ఉండదు. బిగించాక బండి బాగానే దొర్లుతుంది, మోత కూడా పోతుంది. మీటర్లో ఏబీఎస్ లైటు వెలుగుతుంది. ఘాట్ రోడ్డు మీద వానలో బ్రేకు వేస్తే ఏబీఎస్ పనిచేయదు. ఇది డబ్బు సంగతి కాదు సార్, ప్రాణాల సంగతి.

ఇక బాడీ సామాను. హెడ్‌లైట్, బంపర్, ఫెండర్, వెనక డోరు అద్దం. బంపరు తగిలిందంటే హెడ్‌లైట్ పట్టుకునే ప్లాస్టిక్ కాళ్లు విరుగుతాయి. వేడి చేసి అతికితే కొన్నాళ్లుంటుంది, ఆ తరువాత గతుకుల్లో లైటు వణుకుతుంది. కొత్తది కావాలంటే అచ్చు ఉండాలి. ఫెండరుకైతే డై ఉండాలి, అది టన్నుల బరువుండే ఉక్కు దిమ్మె. దాన్ని ప్రెస్సుకు ఎక్కించి, సరిచూసి, మళ్లీ దించే శ్రమ ఇరవై ముక్కలకైనా అంతే, రెండు వేల ముక్కలకైనా అంతే. అందుకే కంపెనీకి సామాను చేసిచ్చే వెండరు చిన్న ఆర్డరు ముట్టుకోడు. ప్లాంటు చేతులు మారినప్పుడు, వెండరు వేరే కంపెనీ పనికి మళ్లినప్పుడు ఆ డైలు, అచ్చులు ఎవరి దగ్గరికి చేరాయో అమ్మినవాళ్ల దగ్గర జాబితా ఉండే తీరాలి. అడిగే అధికారం మీ శాఖకు ఉంది. ఒక్కసారి అడగండి. డైలను తుక్కుకింద వేయకముందే అడగండి.

బీమా ఉంది కదా అంటారు. సర్వేయర్ వచ్చి పార్టు మార్చాలని రాస్తాడు. పార్టు వచ్చేదాకా బిల్లు లేదు, బిల్లు లేనిదే క్లెయిమ్ లేదు. ఆగిన రోజులకు అద్దె బండి ఖర్చు మామూలు పాలసీలో రాదు. ఇంకో చిక్కుంది. మరమ్మతు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద పోతుంది. కంపెనీ వెళ్లిపోయిందన్న పేరుకు సెకండ్ హ్యాండ్ ధర పడి ఐడీవీ తగ్గింది, సామాను అరుదై ఖర్చు పెరిగింది. దాంతో ఇంజిన్ గట్టిగా ఉన్న బండి కూడా రెండు హెడ్‌లైట్లు, ఒక బానెట్, రెండు ఎయిర్ బ్యాగులకే తుక్కు లెక్కలోకి వెళ్లిపోతోంది. చెన్నై పుదుపేటలో, విజయవాడ ఆటోనగర్‌లో విప్పిన బండ్ల సామాను కోసం వెతుకులాట అందుకే. ఎయిర్ బ్యాగు మాత్రం పాతది వేయకూడదు, ఆ మాటకు మేం కట్టుబడే ఉన్నాం.

పాత సామాను దొరికినా ఎలక్ట్రానిక్స్ దగ్గర తలుపు మూసుకుంటుంది. గేర్‌బాక్స్ కంట్రోల్ మాడ్యూలు, మీటరు, బాడీ కంట్రోల్ మాడ్యూలు బిగిస్తే సరిపోదు. ఆ బండి ఛాసిస్ నంబరుకు తగ్గ డేటా కంపెనీ సర్వరు నుంచి దించి ఎక్కించాలి. 2013 నుంచి 2017 దాకా వచ్చిన ఎకోస్పోర్ట్ పెట్రోలు ఆటోమేటిక్‌లో పొడి డబుల్ క్లచ్ గేర్‌బాక్స్ ఉంది, దాని మాడ్యూలు పోతే బండి ఉన్నచోటే ఆగుతుంది. కొందరు బయటి మెకానిక్‌లు ఫోర్‌స్కాన్ లాంటి సాఫ్ట్‌వేర్ నేర్చుకుని చాలా పనులు నెట్టుకొస్తున్నారు. వాళ్ల తెలివికి దండం పెట్టాలి. అన్ని మాడ్యూళ్లకూ అది చాలదు. ఐరోపా సమాఖ్య 2018/858 నిబంధనతో బయటి గ్యారేజీలకు కూడా మరమ్మతు సమాచారం ఇవ్వాలని కంపెనీలను కట్టడి చేసింది. మన వినియోగదారుల వ్యవహారాల విభాగం 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, ఆటోమొబైల్ రంగం అందులో ఉంది. తెచ్చినందుకు కృతజ్ఞతలు. కానీ అది సమాచారం పెట్టే చోటు, పార్టు ఇవ్వనివాళ్లను దండించే చట్టం కాదు.

కారు కొన్నరోజునే రాష్ట్రం లైఫ్ ట్యాక్స్ మొత్తం ఒకేసారి కట్టించుకుంటుంది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఇస్తుంది. 2021లో కొన్న బండి 2036 దాకా రోడ్డు మీద తిరగొచ్చని ముద్ర వేసింది ప్రభుత్వమే. మరి ఆ 15 ఏళ్లూ దానికి సామాను దొరికేలా చూడాల్సిన పూచీ ప్రభుత్వానికి లేదా? మోటారు వాహనాల చట్టానికి 2019లో 110ఎ సెక్షన్ చేర్చి, లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారం మీ ప్రభుత్వమే తీసుకుంది. స్పేర్ల విషయంలో అలాంటి సెక్షన్ రాయడానికి అడ్డమేమిటి?

ఇది ఫోర్డ్ ఒక్కదాని గొడవా కాదు. 2002లో జనరల్ మోటార్స్ దేవూను కొన్నప్పుడు మన సూరజ్‌పూర్ ప్లాంటును పక్కనపెట్టేసింది. మాటిజ్‌లు, సియెలోలు దిక్కులేనివయ్యాయి. అదే జనరల్ మోటార్స్ 2017 చివర మన దేశంలో షెవర్లే అమ్మకాలు ఆపేసింది. దాని తాలేగావ్ ప్లాంటు గ్రేట్ వాల్‌కు అన్నారు, రెండేళ్లకు పైగా అనుమతులు రాక ఒప్పందం మురిగిపోయింది, చివరికి హ్యుందాయ్ తీసుకుంది. ప్రతిసారీ ప్లాంటు ఎవరికి పోతుందన్నదే చర్చ, అమ్మిన కార్ల మాట ఎత్తినవాళ్లు లేరు. డీలర్ల రక్షణకు చట్టం కావాలని వాళ్ల సమాఖ్య ఫాడా ఎప్పటినుంచో అడుగుతోంది. డీలరు నిలబడితేనే టూల్స్, సర్వరు కనెక్షన్, శిక్షణ పొందిన మనిషి నిలబడతారు.

మీరు ఉక్కు శాఖ కూడా చూస్తున్నారు. 2021 జనవరి 27న విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నూటికి నూరు శాతం అమ్మకమని నిర్ణయించి ఆ తరువాత తేల్చకపోతే ఒక ఊరు ఏ స్థితిలో బతుకుతుందో గాజువాక వీధులకు తెలుసు. ఉక్కుకు 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. మేం అడిగేదానికి కోట్లు అక్కర్లేదు.

సార్, చేతులు జోడించి అడుగుతున్నాం. ఏ విదేశీ కార్ల కంపెనీ అయినా తన భారత అనుబంధ సంస్థనో ప్లాంటునో అమ్మేటప్పుడు, మూసేటప్పుడు, చివరి కారు అమ్మిన రోజు నుంచి 15 ఏళ్ల స్పేర్ల బాధ్యత ఎవరిదో ఒప్పందంలో పేరు పెట్టి రాయించండి. ఆ బాధ్యతకు డిపాజిట్ కట్టించండి. తయారు చేయబోమంటే డైలు, అచ్చులు, డ్రాయింగులు చేసేవాళ్లకు ఇప్పించండి, మన చిన్న పరిశ్రమలు చేయగలవు. మాడ్యూళ్ల సాఫ్ట్‌వేర్‌ను న్యాయమైన రుసుముకు బయటి షెడ్లకు తెరిపించండి. పార్టు ఆర్డరు పెడితే ఎన్నిరోజుల్లో ఇస్తారో రాతపూర్వకంగా చెప్పించండి, దాటితే పరిహారం ఇప్పించండి. మరైమలై నగర్‌లో కంపెనీ మళ్లీ అడుగు పెడుతోంది గనుక అడగడానికి ఇదే అదను. 2029లో ఉత్పత్తి మొదలయ్యాక అడిగితే ఎవరు వింటారు? అర్జీలకు జవాబు లేకపోయింది, ఈ లేఖకైనా ఇప్పించండి. కుదరదంటే కుదరదనే చెప్పండి. కుదిరితే ఏ తేదీలోగా చేస్తారో చెప్పండి.

ఇట్లు,
విశాఖపట్నంలోని ఫోర్డ్ కార్ల యజమానులు, మెకానిక్‌లు