శివారా, పొలిమేరా?

ఒరేయ్ రవీ,

బాగున్నావా? నీ కథలో హీరో గది అద్దెకు తీసుకునే చోటుకి 'ఔట్‌స్కర్ట్స్' అని రాయబుద్ధి కావట్లేదు, పొలిమేర అనాలా శివారు అనాలా అని అడిగావు కదా. కళ్లు మూసుకుని శివారు అని రాసెయ్.

పొలిమేర అంటే గీత. పొలం, మేర కలిసిన మాట. మన ఊరి పొలం ఆగి పక్క ఊరి పొలం మొదలయ్యే చోటు. అందుకే దాన్ని దాటుతాం, కోపమొస్తే 'మా పొలిమేర తొక్కావంటే చూడు' అంటాం. గ్రామదేవతని అక్కడ నిలబెట్టేదీ రోగాలూ రొష్టులూ లోపలికి రాకుండా కాపు కాయమనే. గీత మీద గది అద్దెకెవడిస్తాడ్రా?

శివారు అలా కాదు, అదొక జాగా. లారీల షెడ్లూ, సగం అమ్ముడైన వెంచర్లూ అన్నీ అందులోనే. పేపర్లవాళ్లు 'నగర శివార్లలో' అని బహువచనంలో రాసేదీ అందుకే అనుకుంటా, ఊరికి ఎన్ని వైపులుంటే అన్ని శివార్లు. రెవెన్యూ లెక్కల్లో శివారు గ్రామమంటే పెద్ద ఊరి కింద ఉండే చిన్న పల్లె. డెల్టా రైతుకైతే శివారు భూమి అంటే కాలువ చిట్టచివరి పొలం. ఎగువవాళ్లు పెట్టుకోగా మిగిలిన నీళ్లే దానికి. 'శివారు భూములకు నీరందలేదు' అన్న వార్త నువ్వూ చూసే ఉంటావు. ఆ మాటలో దూరం కంటే ఆఖరున అందడమే నాకెక్కువ వినిపిస్తుంది. సిటీ బస్సూ, మంచినీళ్ల పైపూ అంతే కదా.

పైగా శివారు ఒకచోట ఉండదు. 2007లో 12 మున్సిపాలిటీలూ 8 పంచాయతీలూ హైదరాబాద్‌లో కలిపేసి జీహెచ్‌ఎంసీ చేశారు. అంతకుముందు కూకట్‌పల్లి, ఎల్బీనగర్ శివారు మున్సిపాలిటీలే. ఇప్పుడు కూకట్‌పల్లిని శివారంటే కొట్టడానికొస్తారు. ఇక ప్లాట్లమ్మేవాళ్లు చచ్చినా ఆ మాట నోట రానివ్వరు, ఎంత దూరమైనా 'ఔటర్‌కి పది నిమిషాలు' అనే చెప్తారు.

'ఊరి బయట' అన్న మాట మాత్రం చూసుకుని వాడు. మన పల్లెల్లో ఊరి బయట ఎవరిని ఉంచారో తెలుసుగా. వెలి అంటే బయట, వెలివాడ అక్కణ్నుంచే వచ్చింది. 'ఊరూ వాడా' అని తేలిగ్గా అనేస్తాం గానీ, రెండూ వేరని ఆ మాటే చెప్తోంది. నీ హీరో అక్కడివాడైతే రాయి, ఊరికే వర్ణన కోసమైతే వద్దు.

మిగతా అధ్యాయం అవగానే పంపు. ఆ గది అద్దె కాస్త తగ్గించరా, శివారులో అంత ఎవడూ ఇవ్వడు.

నీ
శీను