రమ్మీ మాటలు వివరంగా వేయండి

సంపాదకులకు నమస్కారం. మా ఎంవీపీ కాలనీలో పండగలకి ఇంట్లో డబ్బుల్లేకుండా రమ్మీ వేసుకుంటాం, పిల్లలకి నేర్పుదామంటే ప్యూర్ సీక్వెన్స్, షో, డ్రాప్ లాంటి మాటల దగ్గరే ఆగిపోతున్నారు. 13 ముక్కల్లో జోకర్ (వేరే ముక్క బదులు వాడుకునే ముక్క) సాయం లేకుండా ఒకే గుర్తువి కనీసం మూడు వరుసగా, అంటే ఇస్పేటు 5, 6, 7 లాంటివి, పడితేనే ప్యూర్ సీక్వెన్స్. అది లేకుండా షో చెప్తే, అంటే ఆట అయిపోయిందని ముక్కలు పరిస్తే, చేతిలో ఎన్ని సెట్లు (ఒకే అంకె ఉన్న వేర్వేరు గుర్తుల ముక్కలు) ఉన్నా ఫుల్ కౌంట్, అంటే మొత్తం 80 పాయింట్ల జరిమానా, మీద పడుతుంది. మొదటి ముక్క తీయకముందే డ్రాప్ అయితే, అంటే ఆ ఆట వదిలేస్తే, సాధారణంగా 20 పాయింట్లు, తర్వాతైతే 40. ఈ తేడా తెలియకే గొడవలన్నీ! రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని 1968లోనే మన రాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం మాత్రం 2020లోనే ఇక్కడ నిషేధించారు. దయచేసి మీ ఆదివారం పేజీలో ఈ మాటలన్నీ ముక్కల బొమ్మలతో సహా వేయండి.

- ఒక పాఠకుడు, విశాఖపట్నం