ప్లేటు ఏయించిన్రు సరే, దాని బోల్టుల సంగతేంది?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ల బండ్ల పేజీల ఆఫ్‌రోడింగ్ మీద, అంటే రోడ్డు లేని చోట బండి తోలుడు మీద, వచ్చింది చదివిన. పెద్ద టైర్లు, లిఫ్ట్ కిట్టు, వించి, రాళ్లు తగలకుండ ఇంజను కింద ఏసే స్కిడ్ ప్లేటు, అన్నీ మంచిగ రాసిన్రు, కానీ ఆ ప్లేటును పట్టుకుని ఉండే బోల్టుల గురించి ఒక్క ముక్క లేదు. బండి కొన్నోళ్లు అడగరు, ప్లేటు అమ్మేటోళ్లు చెప్పరు, ఆఖరికి బండరాయి మీదికి ఎక్కినంక తెలుస్తది. నాకు అట్లనే తెలిసింది, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైతది, ఏమనుకోవద్దు.

నాది పాత జీపు, ముందర ఎనక కమాన్ పట్టీలే (లీఫ్ స్ప్రింగులు). రెండేండ్ల కింద సిటీల ఒక యాక్సెసరీస్ షాపుల ఇంజను కింద నాలుగు మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు ఏయించిన. ప్లేటుకు వంక పెట్టేదేం లేదు, మందంగ గట్టిగ ఉండె. ఆరు బోల్టులు, ఆరింటి తలకాయలు కిందికి పొడుచుకొచ్చి ఉండె. 17 నంబరు పానా పట్టే ఎం10 (అంటే పది మిల్లీమీటర్ల మందం) బోల్టు తలకాయ ఆరున్నర మిల్లీమీటర్ల ఎత్తుంటది, వాషరు కలుపుకుంటే ఎనిమిది దాకా పోతది, అంటే ప్లేటు కంటే ముందు రాయికి తగిలేది అదే, ఆ రోజు నాకు ఈ లెక్క తట్టలే.

పోయిన చలికాలం మా బామ్మర్దిని తీసుకొని వికారాబాద్ దిక్కు పోయినం. వాగు దాటి ఒడ్డు ఎక్కేటప్పుడు జీపు పొట్ట రాయి మీద ఆనింది, ప్లేటు ఉంది కదా అన్న ధైర్యంతోటి నేను ముందుకు ఎనక్కు రెండు మూడు సార్లు ఆడిస్తే కర్రుమని గీసుకుంట బయటపడ్డది. అరకిలోమీటరు పోయినంక బామ్మర్ది దిగి చూసి "బావా, ఆయిల్ కారుతుంది" అన్నడు. ప్లేటు ఎనక అంచు మీదికి వంగి డ్రైన్ ప్లగ్గును (ఇంజను ఆయిల్ తీసే బిరడాను) ఒత్తింది, చుక్క చుక్క పడుతుంది. ప్లేటు ఇప్పి ప్లగ్గు బిగిస్తే పది నిమిషాల పని. కింద పండుకొని మొబైల్ లైట్ ఏసి చూస్తే ముందు వరస బోల్టు తలకాయకు ఆరు మూలలు లేవు, ఒక పక్కకు ఏటవాలుగ అరిగి రూపాయి బిళ్ల లెక్క మెరుస్తుంది, అంచుకు ఇనుము పల్చటి పొరలాగ బయటికి లేచింది, తడిమి చూస్తే వేలు కోసుకుంది. ఆరింటిల రెండే వచ్చినయ్. మిగతా నాలుగింటికి రింగు పానా జారింది, కొంచెం చిన్న గూటీని, అంటే తలకాయ మీద టోపీ లెక్క కూసునే పానాను, సుత్తెతోటి కొట్టి ఎక్కిస్తే అదీ జారింది. నీళ్ల డబ్బా కోసి ఆయిల్ కింద పెట్టి, ట్రాక్టర్ తోటి ఊర్లకు లాగిచ్చుకొని, రాత్రి అక్కడ్నే ఉండి, పొద్దున వెల్డింగ్ షాపాయన ఆయిలంతా తుడిచి, తడి గోనె సంచులు కప్పి, అరిగిన తలకాయ మీద ఒక నట్టు పెట్టి లోపల వెల్డింగ్ కొట్టి ఆ నట్టును తిప్పితే మూడు వచ్చినయ్, నాలుగోది విరిగింది.

తర్వాత ఆటోనగర్ల మా ఉస్తాద్ దగ్గరికి తీస్కపోయిన. ముప్పై ఏండ్ల సంది జీపులు చేస్తున్న మనిషి. ఆ బోల్టు చేతిల పట్టుకొని "సార్, ప్లేటు అమ్మినోడు ఒక్కసారన్న బండి కిందికి పండి చూసిండా?" అన్నడు. నాకు చెప్పనీకి ఏం లేకుండె.

మన దగ్గర రాయి సంగతి కూడా తెలుసుకోవాలె. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నది గ్రానైటు, రెండు వందల యాభై కోట్ల ఏండ్ల కిందటిది. అందుల ఉండే క్వార్ట్జ్ గట్టిదనం, 1 నుంచి 10 దాకా ఉండే మోస్ లెక్కల 7, మామూలు ఇనుము అంతకంటే మెత్తటిదే. అంటే బండి బరువంతా ఏసి బోల్టు తలకాయను సానరాయి మీద పెట్టి రుద్దినట్టే అయితది. బురద దారిల, ఇసుకల తిరిగేటోళ్లకు ఈ బాధ అంతగ ఉండదు, మనకు ఉంటది.

అసలు దెబ్బ ఎట్ల తగులుతదంటే, బండి ముందుకు జారుతుంటే రాయి వచ్చి తలకాయ ముందు పక్కకు కొడతది, మూలలు పోతయ్. నట్టు కిందికి ఉన్న బోల్టయితే ఇంకా అన్యాయం, బయటికి మిగిలిన థ్రెడ్డు కొస పుట్టగొడుగు లెక్క ఉబ్బుతది, నట్టు సగం దాకా వచ్చి అక్కడ్నే పట్టేస్తది. పాత జీపులకు, జిప్సీలకు కమాన్ పట్టీలను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టుల కొసలు కిందికే వేలాడుతుంటయ్. 2020 నుంచి వచ్చిన థార్‌కు, జిమ్నీకి కాయిల్ స్ప్రింగులే కాబట్టి ఆ యూ బోల్టుల గోల లేదు, కానీ ఎనక షాక్ అబ్జార్బర్ల కింది బోల్టు, చక్రాలను పట్టుకునే ఆర్ముల బోల్టులు ఉన్నయ్, కొత్త బండే కదా అనుకోకుండ ఒకసారి కిందికి పండి చూడుండ్రి.

మా ఉస్తాద్ నా జీపుకు చేసింది చెప్త. ప్లేటును బండి నుంచి ఊడదీసి బల్ల మీద పెట్టి, ప్రతి బోల్టు చుట్టూ మందపాటి పైపు ముక్కను రింగు లెక్క కోసి వెల్డింగ్ పెట్టిండు, తలకాయ కంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు, రాయి రింగు మీద జారి పోతది, తలకాయ లోపల భద్రంగ ఉంటది. మొదటిసారి నేనే తొందరపడి రింగు చిన్నది కోయించిన, తలకాయ పట్టింది కానీ గూటీ పట్టలే, మళ్ల అన్నీ కోసి తీయాల్సొచ్చింది, కాబట్టి ముందు గూటీ బయటి కొలత చూసుకొని దానికంటే పెద్దగ పెట్టుకోండ్రి. రింగుకు ముందు పక్క, ఎనక పక్క రెండు దిక్కుల వాలు ఉండాలె, ఎందుకంటే రాయి మీద నుంచి ఎనక్కు దిగేటప్పుడు కూడా అంతే దెబ్బ తగులుతది. కింది పక్క చిన్న గాటు పెడితే బురద, నీళ్లు బయటికి పోతయ్.

వెల్డింగ్ బండి మీద ఉండగ చేయించుకోవద్దు. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు దగ్గరనే ఉంటయ్, బోల్టుకు వేడి తగిలితే దాని బలం పోతది, తప్పదంటే బ్యాటరీ వైరన్న తీసి చేయించుకోండ్రి.

అలెన్ కీ (తలకాయ గుంతల పెట్టి తిప్పే ఆరు మూలల కడ్డీ) తోటి ఇప్పే చదును తలకాయ బోల్టులు ఏస్తే ఏమయితదని చాలామంది అడుగుతరు. మంచిగనే ఉంటది కానీ ఎం10 చదును బోల్టు తలకాయ లోపలికి కూర్చోవాలంటే ఐదారు మిల్లీమీటర్ల లోతు కావాలె, మూడు నాలుగు మిల్లీమీటర్ల ప్లేట్ల అంత చోటు ఎక్కడిది, కప్పు లెక్క గుంట ఉన్న వాషరన్న పెట్టాలె లేకపోతే ప్లేటును అక్కడ గుంట నొక్కియ్యాలె. పైగా మామూలు అలెన్ బోల్టుకు 8 నంబరు కీ పడితే దీనికి 6 నంబరే పడతది, జోరుగ తిప్పితే గుంత చెడిపోతది. ఆ గుంతల మట్టి, చిన్న రాళ్లు ఇరుక్కుంటయ్ కాబట్టి గ్రీజు నింపి పెట్టుకోవాలె.

ఇంకోటి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు. తుప్పు పట్టదని చెప్పి స్టెయిన్‌లెస్ ఏయించుకునేటోళ్లను చాలామందిని చూసిన. మామూలుగ దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్ బలం 700 మెగాపాస్కల్, 8.8 గ్రేడు బోల్టుది 800, 10.9 ది వెయ్యి పైన, అంటే స్టెయిన్‌లెస్‌దే తక్కువ. తలకాయ మీద నంబరు చెక్కి ఉంటది, చూసి కొనుండ్రి, రాణీగంజ్‌ల హార్డ్‌వేర్ షాపులల్ల గ్రేడు చెప్పి అడిగితే ఇస్తరు, నంబరు లేని బోల్టు మాత్రం బండి కిందికి వద్దు. కొంచెం రాగి గ్రీజు పెట్టి టార్కు రెంచి (ఎంత బలంతోటి బిగిస్తున్నమో చూపే పానా) తోటి బిగియ్యాలె, గ్రీజు పెడితే టార్కు కొంచెం తక్కువ పెట్టాలె. ఎందుకింత చెప్తున్ననంటే బోల్టు గట్టిగ బిగిసి ఉంటే ప్లేటుకు, చాసిస్‌కు నడుమ రాపిడే దెబ్బను ఆపుతది, వదులైందనుకో ఆ దెబ్బంతా అడ్డంగ బోల్టు మెడ మీద పడతది, తెగిపోతది.

వీలైన చోట బోల్టును తిరగేసి తలకాయ కిందికి, నట్టు పైకి పెట్టుకోవచ్చు, తలకాయ అరిగినా థ్రెడ్డు బాగుంటది. సస్పెన్షన్ బోల్టులు మాత్రం మెకానిక్‌ను అడగకుండ తిప్పొద్దు, కొన్ని చక్రాల అలైన్‌మెంటు సెట్ చేసే బోల్టులు ఉంటయ్. యూ బోల్టుల కొసలు నట్టు దాటినంక రెండు మూడు చుట్లు ఉంచి మిగిలింది కోసేయండ్రి. నేను ఇప్పుడు ప్రతి బోల్టు మీద పెయింటు గీత గీసుకున్న, ట్రిప్పు అయినంక కడిగి కిందికి పండి చూస్త, గీత జరిగితే వదులైనట్టే. డబ్బాల ఆరు బోల్టులు, ఒక రంపం బ్లేడు, ఒక ఉలి పెట్టుకుంట.

ఇది బండ్లు ఉన్నోళ్ల సొంత బాధ, పేపర్ల ఎందుకు అనుకుంటరేమో. ఆ రోజు నా ఆయిల్ పడింది వికారాబాద్ దిక్కు వాగు ఒడ్డున. మూసీ పుట్టింది అక్కడి అనంతగిరి గుట్టలల్లనే, ఆ నీళ్లే కిందికొచ్చి గండిపేటల కలుస్తయ్, 1920ల కట్టిన ఆ చెరువు నీళ్లు తాగి పెరిగినం మనం. నీళ్ల డబ్బా పెట్టేలోపు ఎంత పడ్డదో నా కండ్లతోటి చూసిన, రాయి మీద నల్లటి మరక, దాని పక్కన్నే మేకలు నీళ్లు తాగుతున్నయ్. చేతులతోటి మట్టి ఏసి కప్పెట్టిన కానీ అది పోయేది కాదు. ఆ నాలుగు బోల్టులు ఇప్పుకొచ్చి ఉంటే ఆయిల్ అంత పడకపోతుండె.

అందుకే రెండు మాటలు అడుగుతున్న. ప్లేట్లు అమ్మే, ఏసే షాపులోళ్లు, తలకాయలు బయటికి పొడుచుకొచ్చేటట్టు ఏయొద్దు, రింగో కప్పో ముందే పెట్టి ఇయ్యుండ్రి, దానికి ఇంత అయితదని చెప్పుండ్రి, మేం ఇస్తం. మీ బండ్ల పేజీల మళ్ల ఆఫ్‌రోడింగ్ గురించి రాసినప్పుడు బండి కిందికి పండుకొని తీసిన ఒక్క ఫొటో ఏయుండ్రి సార్. అరిగిపోయిన ఆ నాలుగు బోల్టులు నా దగ్గర్నే ఉన్నయ్, కావాలంటే ఆఫీసుకు తెచ్చిస్త.

ఇట్లు
మీ పాఠకుడు,
వనస్థలిపురం, హైదరాబాద్