కొత్త పాటల నాటకాలకూ వేదిక కావాలి

సంపాదకులకు నమస్కారం.

దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడటానికి అక్షరాస్యత ఉద్యమంలో చదివిన పాఠాలు, పాటలు, వీధి నాటకాలే ఊపిరి పోశాయి. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అలాంటి మన నెల్లూరు జిల్లాలో ఇప్పుడు తిరునాళ్లంటే డీజేలే!

కలిగిరి వైపు మా ఊరి కోసం నేను చెరువు నీటి తగాదా మీద పాటల నాటకం రాశాను. ఊళ్లో హార్మోనియం, దళితవాడలో డప్పు. రెండూ కలిస్తేనే పాట నిలబడేలా కట్టాను. రిహార్సల్లో మంచుకు డప్పు మెత్తబడితే, హార్మోనియం వాయించే పెద్దాయనే వరిగడ్డి తెచ్చి మంట వేశాడు. డప్పు కాగి ఖంగుమనేదాకా అందరూ ఆ మంట చుట్టూనే కూర్చున్నారు. అంతకుముందు ఆ రెండు వీధులవాళ్లు అలా కలిసి కూర్చోవడం నేను చూడలేదు. ఉపన్యాసాలతో అయ్యే పని కాదండీ ఇది.

పౌరాణిక పద్య నాటకాలంటే నాకూ ప్రాణమే. కానీ మన గొడవల మీద కూడా పాటలు పుట్టాలి. నెల్లూరు పురమందిరంలో నెలకో రోజు పల్లె బృందాలకు ఉచితంగా ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను. మైకు, లైట్ల ఖర్చు మేమే చూసుకుంటాం.

- ఒక నాటక రచయిత, కలిగిరి మండలం