మోంజా బోర్డు ధర ఎందుకు పెరుగుతోంది, ఎందుకు ఆలస్యమవుతోంది

ఇటలీలోని మోంజా కార్ల రేసు సర్క్యూట్ ఆకారంలో మేం చేసే చెక్క బోర్డు అడిగినవారందరికీ ఈ కబురు. ఇంతకాలం అమ్మిన ఒంటి పొర బోర్డు తయారీ ఆపేస్తున్నాం. అందులో ఫార్ములా వన్ కార్లు ఇప్పుడు తిరిగే 5.793 కిలోమీటర్ల దారి ఒక్కటే ఉండేది. కోత సులువు, చెక్క తక్కువ పడుతుంది, మా దగ్గర అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యేదీ, లాభం మిగిల్చేదీ అదే. కొత్త బోర్డులో పాత ఓవల్, అంటే ఇప్పుడు రేసులకు వాడని గుడ్డు ఆకారపు దారి కూడా ఉంటుంది. నమూనా ఫొటో చూసి, ‘టీవీలో కనిపించని ఆ దారి ఎందుకు, ధర పెంచడానికా?’ అని కొందరు నిలదీశారు. ధర పెరిగే మాట నిజమే. కారణం మాత్రం వేరు.

మిలాన్ దగ్గరి రాజభవనపు ఉద్యానవనంలో ఈ సర్క్యూట్‌ను 1922లో 110 రోజుల్లో కట్టేశారు. రోడ్డు ట్రాక్, ఓవల్ రెండూ కలిపి ఒక చుట్టు 10 కిలోమీటర్లు. అంటే ఓవల్ తర్వాత తగిలించిన అలంకారం కాదు, పుట్టుకతోనే ఉంది. 1955లో దాన్ని కాంక్రీటుతో కొత్తగా కట్టారు. మలుపుల్లో పైఅంచు దగ్గర వాలు 80 శాతం దాకా ఉంటుంది. అంత నిటారు కట్ట మీదికి మనిషి నడిచి ఎక్కడమే కష్టం, కార్లు మాత్రం పూర్తి వేగంతో దూసుకుపోయేవి. పిట్ (రేసు మధ్యలో కార్లు ఆగే చోటు) ముందున్న వెడల్పాటి దారిని రెండుగా విడదీశారు కాబట్టి ప్రేక్షకులకు ఒకే చుట్టులో ప్రతి కారూ రెండుసార్లు కనిపించేది. ఇంత చిత్రమైన ఏర్పాటును వదిలేసి మోంజా అని పేరు చెక్కడం నాకు నచ్చలేదు.

ఆ కాంక్రీటు గతుకులతో కార్లను కుదిపేసేది. 1960లో ప్రధాన బ్రిటిష్ జట్లు వాలు మీద పరుగెత్తబోమని రేసునే బహిష్కరించాయి. ఫెరారీలో ఫిల్ హిల్ గెలిచాడు. ఇంజను ముందు భాగంలో ఉన్న కారు ప్రపంచ ఛాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రి గెలవడం అదే ఆఖరు. గట్టి పోటీదారులు రాని రేసులో ఆ ఘనత దక్కిందని ఫెరారీ అభిమానులు అంతగా చెప్పుకోరు లెండి.

మరుసటి ఏడాది రేసులో జరిగిన ప్రమాదంలో ఫెరారీ డ్రైవర్ ఫాన్ ట్రిప్స్‌తో పాటు 15 మంది ప్రేక్షకులు చనిపోయారు. ఆ ప్రమాదం వాలు మలుపులో జరిగిందని నాకు రాసిన వారిలోనూ కొందరు అనుకుంటున్నారు. జరిగింది పారాబోలికా మలుపుకు ముందు, రోడ్డు భాగంలో. అయినా ఫార్ములా వన్ గ్రాండ్ ప్రి ఆ తర్వాత ఓవల్ మీద జరగలేదు. 1963లో ప్రాక్టీసులో మళ్లీ ప్రయత్నించి విరమించుకున్నారు. 1969లో 1000 కిలోమీటర్ల రేసుతో స్పోర్ట్స్ కార్లు కూడా దాన్ని వదిలేశాయి.

టీవీలో చూసే దారి కూడా మొదటి నుంచీ అలా లేదు. 1971 రేసులో పీటర్ గెథిన్ సెకనులో నూరో వంతు తేడాతో రోనీ పీటర్సన్‌ను దాటి గెలిచాడు. మొదటి ఐదు కార్లూ 0.61 సెకనులోపే గీత దాటాయి. సగటు వేగం గంటకు 242.615 కిలోమీటర్లు. ఆ వేగానికి జంకి 1972లో షికేన్లు, అంటే కార్ల వేగం తగ్గించే మెలికలు, పెట్టారు.

ఇక ఆలస్యం సంగతి. లెస్మో మలుపులు దాటి అస్కారి మలుపు వైపు వెళ్లే రోడ్డు, ఓవల్ ఉత్తరపు వాలు కిందుగా వెళుతుంది. ఒక దారి మీద ఇంకో దారి ఉన్నప్పుడు ఒకే పలక సరిపోదు. రెండు పొరలు కోసి, కూడలి దగ్గర వంతెనలా ఎత్తాలి. వాలు మలుపులకు సన్నని చెక్క పట్టీలను అచ్చులో వంచి, జిగురు పూసి ఆరనివ్వాలి. తొందరపడితే పట్టీ చీలుతుంది. ఓవల్‌ను చదునుగా కోసి పెట్టవచ్చు, కానీ చూడటానికి అది గుడ్డు బొమ్మలా ఉంటుంది. అందుకే ఆ ఆలోచన మానుకున్నాం.

ఇప్పటికే డబ్బు కట్టినవారికి కొత్త బోర్డు పాత ధరకే వస్తుంది. ఆగలేమంటే మీ డబ్బు మొత్తం తిరిగి ఇస్తాం. ఒంటి పొర బోర్డులే కావాలంటే మిగిలినవి ఉన్నంతవరకు తీసుకోవచ్చు. షికేన్లు లేని 1971 నాటి రూపం అడిగినవారికి మాత్రం ఇప్పట్లో మాట ఇవ్వలేను. ముందు ఈ వంతెన సరిగ్గా నిలబడాలి.