వార్షిక నివేదిక 2024–25: మన సంచార వైద్య శిబిరం వ్యాను, దాని బ్యాటరీలు

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, సభ్యులకు నమస్కారం.

సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏటా మీ ముందు నివేదిక ఉంచడం కార్యదర్శి విధి. చట్టం అడగకపోయినా ఈసారి రాసేవాడినే. అరసవల్లి రథసప్తమి రాత్రి మన వ్యానులో తెల్లవార్లూ దీపం ఆరలేదని శ్రీకాకుళంలో చాలామంది చెప్పుకున్నారు. అది ఎలా సాధ్యమైందో, అందుకు ఎవరు చెమటోడ్చారో మాత్రం మన సభ్యుల్లోనే సగం మందికి తెలియదు. సంఘం ఆశయాలు మీకు కొత్త కావు కాబట్టి వాటిని మళ్లీ ఏకరువు పెట్టడం లేదు.

ముందుగా కృతజ్ఞతలు. సెలవు రోజుల్లో ఇల్లు వదిలి శిబిరాలకు వచ్చిన వైద్యులకు, నర్సులకు. మందులను కొన్న ధరకే ఇచ్చిన మందుల దుకాణదారుకు. వ్యాను నిలుపుకోవడానికి తన రేకుల షెడ్డును అద్దె లేకుండా ఇచ్చి, కరెంటు బిల్లులో మన వాటా కూడా అప్పుడప్పుడూ తానే కట్టేసిన పెద్దాయనకు. ఏడు రోడ్ల కూడలి దగ్గర బ్యాటరీ దుకాణం కట్టేశాక వచ్చి మన పని చేసిపెట్టిన మేస్త్రీకి. రథసప్తమి రాత్రి ఉప్మా, మజ్జిగ పంపిన మహిళా సభ్యులకు సంఘం రుణపడి ఉంది. పేర్లు ఇక్కడ రాస్తే ఒకటో రెండో తప్పిపోయి ఏడాదంతా మాట పడాల్సి వస్తుంది. అందుకే అన్నీ కార్యాలయం గోడ మీది బోర్డులో రాయించాం. ఎవరిదైనా తప్పిపోయి ఉంటే సుద్దముక్క అక్కడే ఉంది.

కొత్తగా చేరిన సభ్యుల కోసం వ్యాను సంగతి రెండు మాటల్లో చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. సహాయానికి వెళ్లిన మనవాళ్లు చీకట్లో, సెల్‌ఫోను వెలుగులో కట్లు కట్టాల్సి వచ్చింది. కొంతసేపటికి ఆ ఫోన్లూ ఆరిపోయాయి. ఎక్కడికి వెళ్లినా తన కరెంటు తానే మోసుకెళ్లే బండి ఒకటి ఉండాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. పాత మినీ బస్సు కొని, సీట్లు తీసేసి, పరీక్ష బల్ల, మందుల అలమర, దీపాలు, ఫ్యాన్లు పెట్టించాం. వీటన్నిటికీ ప్రాణం వెనక పెట్టెలో ఉన్న బ్యాటరీలు. ఇంజనును స్టార్ట్ చేసే బ్యాటరీ వేరు, ఇవి వేరు.

ఈ ఏడాది మొదలయ్యేసరికి ఆ ప్రాణమే పోయి ఉంది. సాయంత్రం శిబిరం మొదలుపెడితే రాత్రి భోజనాల వేళకే దీపాలు గుడ్డిగా మారేవి. కార్యవర్గ సమావేశంలో బ్యాటరీ కంపెనీని తిట్టినవారున్నారు, కొన్న మమ్మల్ని తిట్టినవారూ ఉన్నారు. కొత్త బ్యాటరీలు తెచ్చి పడేస్తే సరిపోతుందన్న తీర్మానం కూడా దాదాపు నెగ్గింది. మన సంఘంలోని విశ్రాంత విద్యుత్ ఇంజనీరు గారు ఆపకపోయి ఉంటే కొత్తవి కూడా పాతవాటి దారే పట్టేవి.

దసరాకు ముందు ఒక మధ్యాహ్నం ఆయన షెడ్డుకు వచ్చి, లుంగీ ఎగ్గట్టి, వ్యాను వెనక కింద కూర్చుని పెట్టె మూత తీయించారు. టెర్మినళ్ల చుట్టూ తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంది. సెల్ మూతలు తిప్పి టార్చి వేస్తే నీళ్లు ప్లేట్ల కిందికి దిగిపోయి, ప్లేట్ల అంచులు పొడిగా కనిపించాయి. తర్వాత ఛార్జరు వేయించి మల్టీమీటరుతో దాని మూతి దగ్గర కొలిచారు: 13.8 వోల్టులు. పాక్కుంటూ వచ్చి బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర కొలిచారు: 12.7. మధ్యలో వైరును పట్టుకుని చూడమని నా చేతికిచ్చారు. వెచ్చగా ఉంది. బ్యాటరీకి చేరాల్సింది దారిలో వైరును కాస్తోంది.

ఆ వైరు ఇళ్లలో సాకెట్లకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఇంట్లో 230 వోల్టుల మీద ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. పన్నెండు వోల్టుల బండిలో ఒక వోల్టు పోవడమంటే బ్యాటరీ నిండకపోవడమే. ఛార్జరు ముందు క్యాబిన్‌లో, బ్యాటరీ వెనక పెట్టెలో. వెళ్లే తీగ, వచ్చే తీగ కలిపి 10 మీటర్లు, అందులో 15 ఆంపియర్ల కరెంటు. ఈ లెక్క కడితే సరిగ్గా ఆ 1.1 వోల్టులే పోతాయని ఆయన అక్కడే సిగరెట్టు పెట్టె వెనక వేసి చూపించారు. బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తగ్గి, దారిలో పోయేదీ తగ్గుతుంది. కానీ అందుకు పట్టే గంటలు శిబిరానికి ముందు మన దగ్గర ఎప్పుడూ ఉండవు.

మరి నిండని బ్యాటరీలో నీళ్లు ఎందుకు ఇగిరిపోయాయని మీరు అడగవచ్చు, మేమూ అడిగాం. పాత ఛార్జరు ట్రాన్స్‌ఫార్మర్ రకం. ఒకే వోల్టేజి పట్టుకుని కూర్చుంటుంది, నిండిందో లేదో దానికి అక్కర్లేదు. శిబిరానికి ముందు రెండు గంటలు పెడితే బ్యాటరీ నిండదు. శిబిరాలు లేని వేసవిలో నెల తరబడి ప్లగ్గు పీకకుండా వదిలేస్తే అదే 13.8 వోల్టులు రేకుల షెడ్డు వేడిలో నీళ్లను మరిగించేస్తాయి. ఆకలి వేళ పెట్టక, అజీర్తి వేళ కుక్కినట్టయింది.

అందుకే ముందు వైరింగు, తర్వాత కన్వర్టర్, ఆ తర్వాతే బ్యాటరీలు అన్న వరసలో పని చేయించాం. ఇక్కడ చాలామంది కన్వర్టర్‌నూ ఇన్వర్టర్‌నూ కలిపేస్తున్నారు. కన్వర్టర్ బయటి 230 వోల్టుల కరెంటును పన్నెండు వోల్టుల రకంగా మార్చి దీపాలు, ఫ్యాన్లు నడుపుతూ, మిగిలినదానితో బ్యాటరీ నింపుతుంది. ఇన్వర్టర్ దీనికి తలకిందులు. బ్యాటరీలోని పన్నెండు వోల్టులను 230గా మార్చి, ఆయాసానికి మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ వంటివి నడుపుతుంది. మన ఇళ్లలో రెండూ ఒకే డబ్బాలో ఉండి ఇన్వర్టర్ అన్న పేరే మిగిలింది కాబట్టి ఈ తికమక.

కొత్త కన్వర్టర్ 30 ఆంపియర్లది. మూడు దశల్లో నింపుతుంది: మొదట తన శక్తి కొద్దీ పంపి వోల్టేజిని 14.4 దాకా తెస్తుంది, ఆ మట్టంలోనే నిలిపి మిగతా కొద్దిభాగం నింపుతుంది, చివరికి 13.5కు దిగి కాపలా కాస్తుంది. బ్యాటరీకి అంటించిన చిన్న సెన్సారు వేడిని చెబితే, 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి 18 మిల్లీవోల్టులు తగ్గిస్తుంది. షెడ్డులో 40 డిగ్రీలుంటే పావు వోల్టుకు పైగా తగ్గుతుందన్నమాట. కన్వర్టర్‌ను బ్యాటరీ పెట్టె పక్కకే జరిపి, 16 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించాం. రాగి వైరు ఖరీదు చూసి ముఖం చిట్లించిన సభ్యులు ఇప్పుడు మల్టీమీటరు పెట్టి చూసుకోవచ్చు. బ్యాటరీలు 150 ఆంపియర్ అవర్ల (ఎంత కరెంటు నిల్వ ఉంచగలవో చెప్పే కొలత) ట్యూబులర్ రకం, రెండు. పాతవాటిని పాత ఇనుము వాడికి అమ్మకుండా, 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దుకాణానికే తిరిగిచ్చాం.

ఇక రథసప్తమి. 2025 ఫిబ్రవరి 4, మంగళవారం. రాష్ట్ర పండుగ హోదాలో జరగడంతో జనం ఇసుక వేస్తే రాలనంత. అర్ధరాత్రి క్షీరాభిషేకం, ఆపైన నిజరూప దర్శనం కోసం ముందురోజు సాయంత్రం నుంచే వరసలు కట్టారు. శిబిరం స్థలానికి అనుమతి ఇవ్వాల్సిన కార్యాలయం చుట్టూ మేము తిరిగిన తిరుగుడు వేరే నివేదిక అవుతుంది. ఒకరు సెలవు, ఒకరు సమావేశం, మరొకరికి మా కాగితం ఏ బల్ల మీద ఉందో తెలియదు. చివరికి ముందురోజు సాయంత్రం చేతికందింది. స్థలం ఇచ్చారు గానీ అక్కడి తాత్కాలిక లైనులో వోల్టేజి ఒక్కోసారి 180కి పడిపోతోంది. పాత ఛార్జరయితే ఆ దెబ్బకు చతికిలబడేది. కొత్తది 170 వరకూ తట్టుకుంటుంది కాబట్టి వచ్చినంతసేపు వాడుకుంది. రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో ఆ లైను పూర్తిగా పోయింది. చుట్టుపక్కల దుకాణాలు చీకటైపోయాయి. మన వ్యానులో ఫ్యాను రెక్క వేగం కూడా తగ్గలేదు. అంతసేపూ కన్వర్టర్ మోసిన భారాన్ని బ్యాటరీ అందుకుంది, అంతే.

లెక్క ముందే వేసుకున్నాం. రెండు బ్యాటరీలు కలిపి 300 ఆంపియర్ అవర్లు. సీసం బ్యాటరీలో సగానికి మించి తోడకూడదు కాబట్టి చేతిలో ఉన్నది 150, అంటే దాదాపు 1,800 వాట్ అవర్లు. దీపాలు, రెండు ఫ్యాన్లు, తప్పిపోయినవారి బంధువులకు కబురు పెట్టే ఫోన్ల ఛార్జింగు కలిపి గంటకు 100 వాట్ అవర్ల లోపు. నెబ్యులైజర్‌కు అదనం. పిడకల మీద పరమాన్నం వండే పొగకు ఆయాసం ఎత్తుకున్న పెద్దవాళ్లు చాలామంది వస్తారని అనుభవం ఉంది, వచ్చారు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నెబ్యులైజర్ మూతికి పెట్టుకునే కూర్చుని, కిటికీలోంచి గుడి వైపు చేతులు జోడించింది. ఊపిరి అందాక మొదట అడిగిన మాట తన వరస స్థానం పోయిందా అని. మన కుర్రాళ్లు ఆమెను చేయి పట్టుకుని తీసుకెళ్లి వరసలోనే నిలబెట్టి వచ్చారు. తెల్లారాక మీటరు 12.3 వోల్టులు చూపించింది, అంటే సగానికి పైగా ఇంకా మిగిలే ఉంది. పక్కనున్న మరో శిబిరం జనరేటరు డీజిలు కోసం రెండుసార్లు ఆగిందని చెప్పడం గొప్పకు కాదు, కానీ చెప్పకుండా ఉండలేను.

ఉద్దానం శిబిరాలు యథావిధిగా కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో జరిగాయి. రక్తపోటు, చక్కెర పరీక్షలు అక్కడే చేశాం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కోసం రక్త నమూనాలు తీసి పంపాం. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది కాబట్టి అనుమానం ఉన్నవారిని అక్కడికి పంపడం తేలికైంది.

ఆ శిబిరాల్లో ఒకదాన్లో జరిగింది అందరూ వినాలి. బయటి కరెంటు లేదు. ఒక కార్యకర్త ఉత్సాహం కొద్దీ కన్వర్టర్ ప్లగ్గు తీసి ఇన్వర్టర్ సాకెట్లో పెట్టారు. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్, ఇన్వర్టర్ నుంచి కన్వర్టర్, కన్వర్టర్ నుంచి మళ్లీ అదే బ్యాటరీ! ప్రతి మలుపులోనూ కొంత వేడిగా పోతుంది, చివరికి ఖాళీ అవుతుంది. ఛార్జింగు దీపం మాత్రం ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంటుంది. ఇప్పుడు ఆ ప్లగ్గు ఇన్వర్టర్ సాకెట్లో పట్టకుండా వేరే ఆకారంది వేయించాం. దసరా ఆయుధ పూజ నాడు ఛార్జింగు అవుతుండగా బ్యాటరీ పెట్టె మీదే కర్పూరం వెలిగించినవారికి కూడా ఒక మనవి. ఛార్జింగులో వెలువడేది హైడ్రోజన్. భక్తి బానెట్ దగ్గర చూపించండి.

కార్యకర్తల సంగతి ఎత్తక తప్పదు. వారానికొకరు షెడ్డుకు వెళ్లి వోల్టేజి చూసి, నెలకోసారి నీటి మట్టం చూసి పుస్తకంలో రాయాలని గత సమావేశంలో చేతులెత్తి ఒప్పుకున్నారు. ఆ పుస్తకం మేకుకు వేలాడుతోంది, వెళ్లి చూడండి. మొదటి పేజీలో సంతకాలు ముచ్చటగా ఉన్నాయి. తర్వాత పేజీలన్నిటా డ్రైవరు గారి సంతకం ఒక్కటే. ఫొటోల రోజు కనిపించిన ముఖాలు షెడ్డులో కనిపించలేదు. అడిగితే తీరిక లేదంటారు. మల్టీమీటరు పెట్టి చూడటానికి పట్టేది టీ చల్లారేంత సేపు. శిబిరం నుంచి తిరిగొచ్చాక ఆ రాత్రే ప్లగ్గు పెట్టకపోతే ఖాళీ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత నింపినా మునుపటి బలం రాదు. డిస్టిల్డ్ వాటర్ బదులు క్యాను నీళ్లు పోసినవారెవరో నేను అడగడం లేదు. సీసా అలమరలోనే ఉంటుంది. నీళ్లు పోయాల్సింది ఛార్జింగు పూర్తయ్యాక, ముందు కాదు. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంతవరకు ముందే పోయవచ్చు.

నెమ్మదిగా ఛార్జవుతోందని ఫిర్యాదు చేసేవారు అన్ని ఫ్యాన్లూ ఆపి చూడండి. 30 ఆంపియర్లలో ఎనిమిది లోపలి వాడకానికి పోతే బ్యాటరీకి మిగిలేది 22.

జమాఖర్చులు ఆడిటర్ గారు చూసి సంతకం చేశారు. వాటి నకలు మీ కుర్చీలోనే ఉంది. పెద్ద ఖర్చు పైన చెప్పినదే. చందా బాకీ ఉన్నవారి జాబితా చదవమని కోశాధికారి అడిగారు, ఈసారికి వద్దన్నాను.

వ్యానులో చేసిన మార్పులు రిజిస్ట్రేషన్ పత్రంలో ఎక్కించాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. దరఖాస్తు ఇచ్చాం. ఇంకా కదలలేదు. ఆ కార్యాలయంలో పలుకుబడి ఉన్న సభ్యులెవరైనా సాయపడగలరు.

చర్చకు రెండు ప్రతిపాదనలు. ఒకటి, పైకప్పు మీద చిన్న సౌర ఫలకం. షెడ్డు బయట ఉన్న రోజుల్లో బ్యాటరీని నిండుగా ఉంచడానికి చాలు. నేను అనుకూలం. రెండు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు మారడం. బరువు తక్కువ, ఎక్కువ తోడుకోవచ్చు, నీళ్ల పని లేదు. కానీ ధర ఎక్కువ, కన్వర్టర్ అమరికా మార్చాలి. కొత్త ట్యూబులర్ బ్యాటరీలు ఉండగా ఇప్పుడు అవసరం లేదన్నది నా అభిప్రాయం. ఓటు మీది.

షెడ్డు పనికి పేరు ఇవ్వదలచినవారు భోజనానికి లేవకముందే ఇవ్వండి. పేర్లు రాసుకునేది డ్రైవరు గారు.

కార్యదర్శి